ఆశన్నను పిలవని రోజు

శారమ్మ బెంచీని గదిలోంచి వరండాలోకి ఈడ్చి, దుమ్ము దులిపి, రోడ్డుకు ఎదురుగా వేసింది. బోధన్‌లో చెరుకు సీజన్. బండ్లు ఫ్యాక్టరీ దాకా బారులు తీరి ఉన్నాయి. ఇరుసులు కిర్రుమన్నప్పుడల్లా ఆమె తలెత్తి చూస్తోంది. ఆ చప్పుడే ఇవాళ ఆమెకు కావాలి.

మనిషి పొట్టి. తెల్లచీర, మడమల దగ్గర అరిగిన చెప్పులు. నవీపేట్‌లో కూలిచేసే జీవరాజు కూతురు. క్రైస్తవ మిషన్ వాళ్ల పుణ్యమా అని బెంగుళూరు వెళ్లి మనసు జబ్బుల వైద్యం నేర్చుకుని, 1956లో తిరిగొచ్చింది. సూది లేదు, గోలీ లేదు, ఇదేం డాక్టరని జనం నవ్వి, మాటల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఆమె జుట్టు నెరిసింది. కళ్లు తెరిచే ఉండి ఎటో వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో ఆమె ఎదుట కూర్చుని మళ్లీ తమలోకి వచ్చారు. నయమయ్యాక బజారులో ఎదురుపడితే ముఖం తిప్పుకునేవారు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయారని తెలిస్తే పరువు పోదా మరి. శారమ్మ దానికీ నవ్వుకునేది.

ఈరవ్వ సంగతి మాత్రం తెమలలేదు. పోయిన సీజన్లో ఊరి బాట మీద, ఆమె కళ్లముందే, చెరుకుబండి బోల్తాపడి మొగుడు ఆశన్న చనిపోయాడు. అప్పటినుంచి ఇరుసు కిర్రుమంటే చాలు, చూపు నిలిచిపోయేది, చేతులు వదులైపోయేవి. ఒకసారి చంకలోని పిల్ల జారి కింద పడింది. అత్త నాగవ్వ పిల్లను లాగేసుకుంది. దేవర పూనినవాళ్లను అడిగినట్టే కోడలిని "ఎవలు నువ్వు?" అని అడిగింది. "ఆశన్నను" అంది ఈరవ్వ, మొగుడి గొంతుతో. ఇక ఆ తల్లి ఊరుకుంటుందా? కోడలి చూపు నిలిస్తే చాలు, అదే మాట అడిగి కొడుకుతో కష్టసుఖాలు చెప్పుకునేది. కాలి కింద నేల ఎట్లుంది, ఎదురుగా ఏం కనబడుతున్నది అని ఈరవ్వను అడిగి అడిగి శారమ్మ ఇక్కడ నిలబెట్టిందంతా అక్కడ ఇంట్లో కూలిపోయేది.

పోయినసారి శారమ్మ నాగవ్వకు ఉన్నమాట చెప్పేసింది. "అక్కా, నువ్వు ఆశన్నను పిలుసుడు బంద్ జేస్తెనే నీ మనుమరాలికి తల్లి ఉంటది."

"నా కొడుకు మాట్లాడుతుంటె వద్దంటవా?" అని నాగవ్వ ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఇవాళ వస్తుందో రాదో శారమ్మకే తెలియదు.

వచ్చింది. చంకలో పిల్ల, వెనక కోడలు. శారమ్మ పిల్లను అందుకుని, బెంచీ మీద కూర్చున్న ఈరవ్వ ఒడిలో కూర్చోబెట్టింది. నాగవ్వ పక్కనే చతికిలబడింది.

రోడ్డు మీద బండ్లు కదిలాయి. ఇరుసు కిర్రుమంది. ఈరవ్వ చూపు నిలిచిపోయింది, వేళ్లు వదులయ్యాయి, పిల్ల పక్కకు ఒరిగింది. నాగవ్వ ముందుకు వంగింది. ఎవలు నువ్వు అన్న ఆ ఒక్క మాట ఆమె నోటిదాకా వచ్చిందని శారమ్మకు కనిపిస్తూనే ఉంది. అయినా అడ్డుపడలేదు. ఇది డాక్టరు చెప్పి చేయించే పని కాదు.

నాగవ్వ ఆ మాటను మింగేసింది.

"ఈరవ్వా," అంది. "ఈరవ్వా, గిటు సూడు బిడ్డా. పిల్ల జారుతున్నది, పట్టుకో."

ఈరవ్వ రెప్ప వాల్చింది. చేతులు బిగిశాయి. పిల్లను గుండెకు హత్తుకుంది. ఇంకో బండి పోయింది, దాని వెనక ఇంకోటి. చేతులు మాత్రం వదులు కాలేదు.

"ఈడనే ఉన్న అత్తా," అంది. "బండ్లు పోతున్నయి. గంతే."

ఆ మధ్యాహ్నం, పిలిచేవాళ్లు లేక, ఆశన్న రెండోసారి చనిపోయాడు. నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోడలు ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో ఆమె వీపు నిమిరింది. శారమ్మకు ఎగిరి గంతేయాలనిపించింది. ఈ వయసులో బాగుండదని ఊరుకుంది. గెలిచానని మాత్రం మనసులో గట్టిగానే అనుకుంది.

పిల్లను ఈరవ్వే ఎత్తుకుని బస్సు వైపు నడిచింది. నాగవ్వ నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, కొంగుముడి విప్పి, వరండా గోడ మీద ఏదో పెట్టి వెళ్లిపోయింది. కోడలి మీదికి వచ్చినప్పుడల్లా కొడుకు అడుగుతాడని ఇంటినుంచి తెచ్చిన బీడీ కట్ట. దాని ఎర్రదారం ఇంకా విప్పలేదు.