హుక్కు దిగేలోపు

పద్మినికి ఉన్న భయాలన్నిట్లోకీ పెద్దది ఇదీ: మేడమీద ఒంటరిగా బరువులెత్తే మొగుడి గొంతు మీద ఇనప కడ్డీ పడిపోతుంది, కింద వంటింట్లో ఉన్న తనకి వినపడదు. పాప దగ్గు, తుపాను కబురొస్తే ఆగిపోయే ఓడలు, గాలికి లేచిపోయే రేకులు, ఇవన్నీ దాని తర్వాతే.

ఇల్లు హాడోలో, ద్వీపపు రేవు మీదకి చూసే ఏటవాలు సందులో. కింద రెండు గదులు, వాటి మీద గోడల్లేని స్లాబు. మొగుడు నాగబాబు రేవులో కాంట్రాక్టు కూలీ. పొద్దుటి షిఫ్టు దిగి, అన్నం తిని, ఓ గంట నడుం వాల్చి, నాలుగింటికి పైకెక్కుతాడు. అక్కడ ఒక చెక్క బల్ల, దాని తల దగ్గర కడ్డీ ఆనించడానికి రెండు ఇనప స్టాండ్లు, కడ్డీకి అటూ ఇటూ తొడిగే ఇనప బిళ్లలు ఉంటాయి. బిళ్లలు జారకుండా పెట్టే క్లిప్పులు ఉప్పుగాలికి తుప్పుపట్టి విరిగిపోతే, పద్మిని తండ్రి నూకన్న నైలాను తాడుతో కట్టిచ్చాడు. రేవులో సరుకుకి వేసే ముడి అది. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. కొస తెలియకపోతే ఏనుగు లాగినా ఊడదు.

వచ్చే నెల ద్వీపాల జట్టుకి సెలక్షన్. బల్ల మీద వెల్లకిలా పడుకుని నూట పాతిక కిలోలు ఎత్తగలిగితే జట్టులో చోటు దొరుకుతుందని, చోటు దొరికితే ఆటగాళ్ల కోటాలో పర్మినెంటు ఉద్యోగం వస్తుందని నాగబాబు ఆశ. ప్రస్తుతం నూట పది దగ్గర ఉన్నాడు.

పద్మిని ఈ భయాన్ని మొదట రాజకుమారితోనే చెప్పుకుంది. రాజకుమారి ఉండేది పక్క సందులోనే. ఒకప్పుడు తనూ బరువులెత్తి పతకాలు తెచ్చుకున్న మనిషి, ఇప్పుడు ఆడపిల్లలకి నేర్పుతోంది. కుళాయి దగ్గర బిందె నిండేలోపు అంతా విని, ఒక్కటే అడిగింది.

"సెట్టుకీ సెట్టుకీ మధ్యన ఎంతసేపు కూకుంటన్నాడు?"

"సెట్టంటే ఏటి దీదీ?"

"ఆపకుండా నాలుగుసార్లో అయిదుసార్లో ఎత్తి దింపుతాడు కదా, అదంతా ఒక సెట్టు. అది అయ్యాక ఆరామ్ తీసుకోవాల. చిన్న బరువైతే ఒక్క నిమిషం చాలు, బస్. మీ ఆయన ఎత్తేది చిన్నదేటి? మూడు నిమిషాలకి తగ్గకూడదు, అయిదైనా పర్వాలేదు. చెమట ఆరింది కదా అని లెగిసిపోతే కండలో సత్తువ నిండదు. మొదటిసారి తెలీదు, రెండోసారీ తెలీదు. నాలుగోసారి చెయ్యి మోసం చేసీద్ది."

"మోసం చేస్తే?"

రాజకుమారి బిందె కింద పెట్టి, అరచెయ్యి తన గొంతుకి అడ్డంగా ఆనించి చూపించింది.

ఆ సాయంత్రమే పద్మిని అన్నం వడ్డిస్తూ మొగుడి దగ్గర ఆ మాట ఎత్తింది. "మూడు నిమిషాలు కూకోవాలంట బావా."

"ఎవులు చెప్పారు, నీ దీదీయా? టైము చూడ్డానికి ఆవిడకి ఫోనుంది, నాకు హుక్కుంది. ఏం మావయ్యా?"

గుమ్మంలో కూర్చుని వల కుడుతున్న నూకన్న తల ఊపాడు. హుక్కు లెక్క ఆయనదే. ఓడ కడుపులో కూలీలు సరుకు కట్టి క్రేను హుక్కుకి తగిలిస్తారు. హుక్కు పైకి లేచి, సరుకు ఒడ్డున దింపి, ఖాళీగా తిరిగొస్తుంది. అది మళ్లీ దిగేదాకా కూలీకి విశ్రాంతి. దిగిందంటే లేవాల్సిందే. నూకన్న ముప్పై ఎనిమిదేళ్లు ఆ లెక్కనే ఊపిరి తీసుకున్నాడు, అల్లుడికీ అదే నేర్పాడు. స్లాబు మీద బల్ల వేసినప్పుడు కూడా, సెట్టు అయ్యి కూచుంటే రేవులో హుక్కు కనపడేలా తనే దగ్గరుండి వేయించాడు.

"హుక్కు మీద నమ్మకం పెట్టుకుంటే నడుం పట్టదు," అన్నాడు నూకన్న. "నాకు పట్టిందా?"

"మోకాళ్లు పట్టీసాయి కదా నాన్నా. మెట్లెక్కలేవు."

"అవి మోకాళ్లే. ఇక్కడ మాటాడతంది నడుం గురించి."

నాగబాబు పొలమారేలా నవ్వాడు. పద్మినికి నవ్వు రాలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన పిల్ల, అయినా ఫోన్లో స్టాప్‌వాచీ ఎక్కడుంటుందో ఆ పూటే వెతికి పట్టుకుంది. మర్నాడు వంటింట్లో నిలబడి చప్పుళ్లు వింది. కడ్డీని స్టాండు మీంచి తీసేటప్పుడు కిర్రుమంటుంది. తిరిగి పెట్టేటప్పుడు ఠంగుమంటుంది. ఠంగుమన్న దగ్గర నొక్కి, మళ్లీ కిర్రుమన్న దగ్గర ఆపింది. మూడు నిమిషాల పది సెకన్లు. ఇంకోసారి చూస్తే మూడున్నర. దీదీ చెప్పిందీ, నాన్న చెప్పిందీ ఒకటేనన్నమాట. అప్పట్నుంచి మేడ మీద చప్పుడు ఆగి నిశ్శబ్దంగా ఉంటే ఆమె ప్రాణం కాస్త కుదుటపడేది. కూచున్నాడు, దమ్ము నింపుకుంటున్నాడు అనుకునేది.

సోమవారం రేవులో కొత్త క్రేను పనిలోకి దిగింది.

"రాకాసిది పద్మీ," అన్నాడు నాగబాబు చేతులు కడుక్కుంటూ. "ఇలా పోయి అలా వచ్చీస్తంది. మా గ్యాంగులో పోలిరాజు భయ్యాకి బీడీ ముట్టించే తీరిక కూడా లేదు. పాపం, చెవి మీదే పెట్టుకుని తిరుగుతున్నాడు." 

ఆ మాటకి ముగ్గురూ నవ్వుకున్నారు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ మేడ మీది బల్ల గుర్తు రాలేదు.

సోమ, మంగళవారాల్లో నాగబాబు రెండు షిఫ్టులూ చేశాడు కాబట్టి పైకెక్కలేదు. బుధవారం నాలుగింటికి ఎక్కాడు. పద్మిని పొయ్యి మీద పప్పు పెట్టి, ఏడాదిన్నర పాప సుచరితని చంకనేసుకుని, ఉల్లిపాయలు తరుగుతోంది. పైన కిర్రుమంది. ఠంగుమంది. ఉల్లిపాయ పైపొర ఒలిచిందో లేదో మళ్లీ కిర్రుమంది.

పద్మిని చెయ్యి ఆగింది. తనే పరధ్యాన్నంగా ఉండి లెక్క తప్పిందనుకుంది. ఠంగుమన్నాక ఈసారి ఫోను తీసి నొక్కింది. యాభై ఒక్క సెకన్లకి కిర్రుమంది. ఫోను పాడైందేమోనని గోడగడియారం చూసింది. సెకన్ల ముల్లు ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. మూడో సెట్టు నడుస్తోంది పైన. ఆ ఠంగుమనడం అలవాటైన చప్పుడులా లేదు. ఒకసారి ఒకవైపు తగిలి, తర్వాత రెండోవైపు తగిలినట్టు విడివిడిగా వినిపించింది.

పైకెళ్లి చెప్పాలా? చెబితే కసురుకుంటాడు, ఎత్తేటప్పుడు మాట్లాడొద్దని వందసార్లు చెప్పాడు. పాప చంకలో మెలికలు తిరుగుతోంది. పప్పు పొంగి పొయ్యి మీద పడింది. మంట తగ్గించేసరికి మళ్లీ కిర్రుమంది. నాలుగోసారి.

ఆ తర్వాత నిశ్శబ్దం.

పది సెకన్లు. ఇరవై. పద్మిని గరిట పట్టుకుని పైకప్పు వంక చూస్తూ నిలబడింది. ముప్పై. సరే, ఇప్పుడు కూచున్నాడు, ఇప్పటికైనా బుద్ధొచ్చింది, కూచోనీ అనుకుంది. అలవాటు చొప్పున గుండె కుదుటపడబోయింది. పడలేదు. ఎందుకు పడలేదో తెలియడానికి ఇంకో రెండు సెకన్లు పట్టింది.

కిర్రుమంది. ఠంగుమనలేదు.

గరిట ఎక్కడ పడేసిందో ఆమెకి తెలియదు. గుమ్మంలో ఉన్న తండ్రి ఒళ్లోకి పాపని తోసేసి, "పట్టుకో నాన్నా," అని మాత్రం అంది. పదకొండు మెట్లు. పై మెట్టు మీద కొంగు కాలికి తట్టుకుంటే చేతులమీద పాకుతూ స్లాబు మీదకి వచ్చింది.

నాగబాబు బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు. కడ్డీ గొంతుకి నాలుగు వేళ్ల కింద, రొమ్ము మీద ఉంది. రెండు చేతులూ దాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాయి, మోచేతులు వణుకుతున్నాయి. మొహం వంకాయ రంగుకి తిరిగింది. కళ్లు ఆమెని చూశాయి. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. కడ్డీ ఒక వేలు మందం గొంతువైపు జరిగింది.

పద్మిని కడ్డీ పట్టుకుని ఎత్తబోయింది. అది కదల్లేదు. ఎలా కదులుతుంది, ఆమె బరువే నలభై ఆరు కిలోలు. ఇంకోసారి ఎత్తబోయి, మానేసింది. తాడు కనపడింది.

కుడివైపుకి వెళ్లింది. ముడి చెమటకి బిగిసిపోయి ఉంది. ఏడేళ్ల వయసులో, రేవు గేటు దగ్గర తండ్రికి అన్నం క్యారేజీ తీసుకెళ్లినప్పుడు, ఆయన ఇలాంటి తాడే తన చేతికిచ్చి అన్నది గుర్తొచ్చింది. పొట్టి కొస అబద్ధం, పొడుగు కొస నిజం. పొడుగు కొస చుట్టూ తిరిగి కింద దాక్కుని ఉంది. వేలితో తడిమి పట్టుకుని ఒక్క లాగు లాగింది. తాడు పాములా జారి కింద పడింది. అయిదు కిలోల బిళ్ల లాగేసింది. దాని వెనక ఇరవై కిలోల బిళ్లని రెండు చేతులతో గుంజింది. అది కాలి బొటనవేలి పక్కన పడి స్లాబుని పెచ్చు లేపింది. 

అంతే, కడ్డీ తూగింది. ఎడమవైపు బరువు నేలకి లాగేసింది, కుడికొస గాల్లోకి లేచి పద్మిని గడ్డాన్ని కోసుకుంటూ పోయింది. మొత్తం ఇనుమంతా ఎడమవైపు కుప్పకూలిన చప్పుడుకి సందులో కుక్కలు మొరిగాయి.

నాగబాబు పక్కకి దొర్లి నేలమీద పడ్డాడు. గాలి లోపలికి లాగాడు. ఆ లాగుడు చప్పుడు వినడానికి ఆమె ఎంతసేపు ఎదురుచూసిందో స్టాప్‌వాచీ చెప్పగలదేమో. రొమ్ము మీద ఎర్రటి గీత ఒకటి, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, తేలింది. చాలాసేపటికి మాట వచ్చింది.

"నీ గడ్డం... రక్తం."

"నోర్మూసుకో బావా," అంది పద్మిని. పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

మెట్ల మీద బరువైన అడుగులు. మోకాళ్లు వంగని నూకన్న పాపని చంకనేసుకుని, ఒక్కో మెట్టుకీ గోడ పట్టుకుని ఎక్కుతూ వచ్చాడు. అల్లుడిని చూశాడు, కూతురి గడ్డం చూశాడు, కింద పడున్న తన తాడు చూశాడు.

"ఎలాగయింది? హుక్కు చూసే లెగిసావా?"

"చూసే లెగిసాను మావయ్యా. నాలుగుసార్లూ చూసే."

పద్మిని నడుముకి దోపుకున్న ఫోను తీసి, స్టాప్‌వాచీ నొక్కి తండ్రి చేతిలో పెట్టి, రేవు వైపు చూపించింది. ఓడ మీంచి కొత్త క్రేను మూట లేపింది, ఒడ్డున వదిలింది, వెనక్కి తిరిగి వచ్చింది. హుక్కు దిగేసరికి అంకె నలభై ఎనిమిది దగ్గర ఉంది. నూకన్న నమ్మలేదు. ఇంకోసారి చూశాడు. నలభై తొమ్మిది.

"మా పాత క్రేనయితే ఇంత బేగి దిగేది కాదు," అన్నాడు. "కిళ్లీ నమిలి ఉమ్మీసి, మంచినీళ్లు తాగి, అప్పుడు లెగిసేవోళ్లం." "నేను హుక్కని చెప్పాను గానీ, ఎంతసేపో చెప్పలేదు కదా. నాకూ తెలీదు." పాప ఆయన మీసం పట్టుకుని లాగుతోంది. ఆయన విడిపించుకోలేదు.

ఆ రోజు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, నాగబాబు రొమ్ములో ఒక ఎముక బీటవారిందని చెప్పారు. ఆరు వారాలు బరువు ముట్టుకోవద్దన్నారు. ఈ ఏడాది సెలక్షన్ పోయింది, వచ్చే ఏడాది ఉంది. ఎముక అతుక్కున్నాక బల్లని తిప్పి, రేవుకి వీపు పెట్టి వేశారు. ఇప్పుడు పద్మిని పాపని ఒళ్లో పెట్టుకుని, ఫోను పట్టుకుని పై మెట్టు మీద కూచుంటుంది. మూడు నిమిషాలు దాటి, ఆమె "ఊఁ" అంటేనే నాగబాబు కడ్డీ ముట్టుకోవాలి. "అయ్యిందా టీచరమ్మా?" అని అతను వెక్కిరిస్తాడు. "అవలేదు, కూకో," అంటుంది. అయిపోయినా ఒక్కోసారి అవలేదనే అంటుంది.

కానీ శుక్రవారం నాలుగింటికి ఆమె ఇంట్లో ఉండదు. మిన్నీ బేలో కుట్టుపని నేర్చుకోవడానికి పాపని తీసుకుని వెళ్తుంది, ఆరింటికిగానీ రాదు. శుక్రవారం పైకెక్కనని నాగబాబు పాప నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాడు. పద్మిని ఆ ఒట్టు నమ్మినట్టే నటిస్తుంది. నూకన్న మెట్లెక్కడానికి చాలాసేపు పడుతుంది.

అందుకని, శుక్రవారం సాయంత్రం మీరు హాడోలో ఆ ఏటవాలు సందులోంచి వెళ్తుంటే, నీలం రేకుల వరండా ఉన్న ఇంటి ముందు ఒక్క క్షణం ఆగండి. పైన కిర్రుమని, ఆ తర్వాత ఠంగుమంటే మీ దారిన మీరు వెళ్లిపోండి. కిర్రుమని ఊరుకుంటే మాత్రం ఎవరినీ పిలుస్తూ నిలబడకండి. మెట్ల తలుపుకి గడియ లేదు, పద్మిని తీయించేసింది. పైకెళ్లి అతన్ని చూడండి. తాడుకి పొడుగు కొస లాగాలి.