దేవతలకు తగువు పెట్టడం చేతకానివాడు

ఆదివారం మధ్యాహ్నం, కళ్ళద్దాల షాపు వెనక గదిలో, పళ్ళ డాక్టరమ్మ చేతిలోని పాచికలు బల్లమీద పడేసి ఈ దేవుళ్ళతో తాను వేగలేనని తేల్చి చెప్పేసింది.

ఆవిడ బాధ ఆవిడది. ఆ గదిలో ప్రతి ఆదివారం ముగ్గురు కూర్చుని ఒక ఆట ఆడతారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలిన ఇద్దరూ ఆ కథలో వీరులై తిరుగుతారు, కత్తి దిగిందా గురి తప్పిందా అన్నది పాచికలు తేలుస్తాయి. కథ నడిపేవాడిది సూత్రధారి పదవి. మన సూత్రధారికి ముప్పై ఏళ్ళు. వారమంతా అదే షాపులో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తూ ఉంటాడు. చెయ్యి మంచిది, మాట అంతకంటే మంచిది, అసలు చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది.

కొత్త కథలో దేవుళ్ళు ఒకరితో ఒకరు పోట్లాడుకోవాలి. వాళ్ళ పోట్లాటలో మనుషులు నలిగిపోవాలి, వీరులు అడ్డుపడాలి. కానీ మనవాడి నిప్పుల దేవుడు సముద్రపు దేవుడి కోట తగలబెట్టబోతూ, లోపలివాళ్ళని బయటికి వచ్చేయమని ముందే కబురు పెట్టాడు. సముద్రపు దేవుడు చెప్పినందుకు సంతోషమన్నాడు. మూడోమనిషి బస్సు డ్రైవరు. కిటికీ సీటు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళని రోజూ చూస్తానని, వాళ్ళలో ఏ ఇద్దర్ని తెచ్చి దేవుళ్ళని చేసినా ఇంతకంటే నయమని అన్నాడు. చివరికి వచ్చే ఆదివారానికి సరైన పగలున్న దేవుళ్ళు రాకపోతే కథ డ్రైవరు నడపాలని తీర్మానం అయింది.

మనవాడికి గుండెలో రాయి పడింది. ఆటేగా అని ఎవరైనా అనుకోవచ్చు, కానీ వాడి నోటి మాటకు వాడి మాటగా విలువ ఉన్నది ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క బల్ల దగ్గరే. ఇంట్లో పదకొండేళ్ళుగా వాడు మోసేవన్నీ ఇతరుల మాటలే.

ఆ ఇంట్లో వాళ్ళమ్మ అక్కచెల్లెళ్ళు ఇద్దరున్నారు. పెద్దమ్మ పై వాటాలో, పిన్ని కింది వాటాలో. చదువుకోవడానికి వచ్చి ఉద్యోగంలో ఇక్కడే ఉండిపోయిన మనవాడి గది మెట్ల మలుపు దగ్గర, సరిగ్గా ఇద్దరి మధ్యలో. వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మొదలైంది బట్టల తీగ దగ్గర. పెద్దమ్మ పిండకుండా ఆరేసిన దుప్పటి నీళ్ళు, కింద ఆరిపోయిన పిన్ని చీరల మీద కారాయి. అంతే. అప్పటినుంచి మాటల్లేవు, ఉన్నవల్లా మనవాడి నోటినుంచి రావలసినవే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని వాడు అద్దం అంచు అరగదీసినట్టే ప్రతి మాట అంచూ అరగదీసి అందించేవాడు. దానికి సిగ్గుంటే నీళ్ళు పిండి ఆరేసేదని పిన్ని అంటే, వీలైతే కొంచెం పిండి ఆరెయ్యమందని పైకి చేరేది. దాని చీరల మీద నా దుప్పటి నీళ్ళు పడటమే ఎక్కువని పెద్దమ్మ అంటే, ఇకమీదట చూసుకుంటానందని కిందికి దిగేది. ఇల్లు ప్రశాంతంగా ఉందని వాడు మురిసిపోయేవాడు.

బుధవారం సాయంత్రం తన గదిలో తెల్లకాగితం ముందు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుంటే, వాడికి తట్టింది. పగలు కనిపెట్టడం ఎందుకు, పైనా కిందా కావలసినన్ని ఉండగా? అరగదీయకముందు ఆ మాటలు ఎలా ఉండేవో వాడికి పొల్లుపోకుండా గుర్తున్నాయి.

ఇక చూడండి. మేఘాల మేడలో అక్షరాల దేవత పుట్టింది, చేతిలో ఎర్రటి బల్లెం, మనుషులు చేసిన తప్పులన్నీ దానితో కొట్టేస్తుంది. నేల కింది లోకంలో నూరువేళ్ళ దేవత పుట్టింది, ఆవిడ వేళ్ళు టకటకమంటే వడగళ్ళు పడతాయి. పైదేవత మేఘాలను పిండకుండా ఆరేస్తుంది, ఆ నీళ్ళు కిందిదేవత చీరల మీద కారుతాయి, దానికే లోకంలో వాన అని పేరు. ఒక్కొక్క తగువునీ ఒక్కొక్క అట్టముక్క మీద రాసుకుంటూ, అచ్చంగా వాళ్ళన్న మాటలే పెడుతూ పోయాడు. తొమ్మిదో అట్ట దగ్గర మరీ హుషారొచ్చింది. కిందిదేవత గాయపడి పడుకుంది, ఇద్దరూ కబుర్లు పంపుకున్నారు, మోసుకెళ్ళిన పిచ్చుక దారిలో వాటికి తేనె పూసింది, అందువల్ల వందేళ్ళ యుద్ధం. కథకు మంచి ముడి పడిందని వాడు తన భుజం తానే తట్టుకున్నాడు.

వాడి ఆట కాగితాలకు ఇంట్లో ఒక దారి ఉంది. పెద్దమ్మ రిటైరైన టీచరు, కంటపడ్డ కాగితాన్ని దిద్దకుండా వదలదు. పిన్ని కోర్టులో టైపిస్టుగా చేసింది, ఇప్పటికీ చేతిరాత చూస్తే ఆవిడకి వేళ్ళు దురదపెడతాయి. వాడు రాసింది పొద్దున్నే పెద్దమ్మ బల్లమీద పెడితే, ఆవిడ ఎర్రపెన్సిలుతో దిద్ది మెట్ల మీది అరలో పెడుతుంది, పిన్ని తీసుకెళ్ళి టైపు చేస్తుంది. ఏళ్ళ తరబడి అలవాటు. గురువారం పొద్దున బస్సు అందుకునే తొందరలో కాళ్ళూ చేతులూ అలవాటు ప్రకారం పని చేసేశాయి, బుర్ర మాత్రం షాపుకి చేరి, అద్దం అరగదీస్తుండగా మేలుకుంది. చేతిలో అద్దం అంచు చిట్లింది. కడుపునొప్పని చెప్పి సెలవు పెట్టాడు, అదేమంత అబద్ధం కాదు.

ఇంటికి వచ్చేసరికి అర ఖాళీగా ఉంది. కింది వాటాలో టైపు చప్పుడు లేదు.

పిన్ని కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. అట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. మొదటి ఎనిమిదింటిలో పెద్దమ్మ వత్తులూ దీర్ఘాలూ తన తిట్లతో సహా దిద్దేసి, ఒకచోట పక్కన, నేనీ మాటతో ఆపలేదు, ఇంకా చాలా అన్నాను అని రాసింది. పిన్ని అవన్నీ శుభ్రంగా టైపు చేసి, దాని కింద, నేను కూడా అని చేర్చింది. మనవాడికి ప్రాణం లేచొచ్చింది, నవ్వొచ్చింది కూడా. అప్పుడు పిన్ని తొమ్మిదో అట్ట వాడి చేతికిచ్చింది. దాని మీద ఎర్రగీత ఒక్కటీ లేదు. రెండు అక్షరదోషాలు ఉన్నచోటే ఉన్నాయి. అడుగున పెద్దమ్మ రాతలో ఒకే ముక్క ఉంది, ఇది నిజమా అని.

"నన్నడిగింది. నాకేం తెలుసు, నువ్వే చెప్పాలి," అంది పిన్ని.

పైన చెప్పుల చప్పుడైంది. పెద్దమ్మ మెట్ల పైచివర నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

కథే అనేస్తే సరిపోయేది. వాడి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇద్దరూ నమ్మేవాళ్ళు, ఇల్లు మళ్ళీ ప్రశాంతంగా ఉండేది, ఆదివారం వాడి పదవి వాడికుండేది. కానీ పదకొండేళ్ళ కిందటి ఆ రోజు ఇప్పుడు వాడి కళ్ళముందు పిచ్చుక వేషం తీసేసి నిలబడింది. దుప్పటి గొడవ జరిగి అప్పటికి నెల. పిన్నికి కడుపులో రాళ్ళు, ఆపరేషను. వాడికి పందొమ్మిదేళ్ళు, ఆస్పత్రికీ ఇంటికీ మధ్య తిరిగింది వాడే.

"నిజమే," అన్నాడు.

"అయితే ఎవరేమన్నారో అన్నట్టే చెప్పు," అంది పైనుంచి పెద్దమ్మ. "మెత్తగా చెప్పావంటే ఊరుకోను."

వాడు మెట్ల వైపూ గది వైపూ కాకుండా గోడ వైపు చూస్తూ చెప్పాడు. "పెద్దమ్మా, నువ్వు సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చున్నావు. అది నన్ను చూసి మొహం తిప్పుకోనంటే ఇప్పుడే వస్తా, అడిగి రా అన్నావు. నేను పిన్నితో, పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది, వీలు చూసుకుని వస్తానంది అని చెప్పాను."

పిన్ని మెట్ల వైపు తిరిగింది.

"పిన్నేమో, ఈ పూట అక్క రాకపోతే ఇక నాకు అక్క లేదనుకుంటా, ఈ మాట ఇలాగే చెప్పు అంది. ఇలా చెబితే మళ్ళీ రాజుకుంటుందని భయపడి, నీతో, బాగానే ఉంది, కంగారుపడి రానక్కర్లేదంది అని చెప్పాను."

చెప్పడం అయిపోయింది. ఒక్క రోజు మాటలు, నాలుగు కబుర్లు. వాళ్ళ కోపాలకు అడ్డుపడుతున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నవాడు, తాను అడ్డుపడింది వాళ్ళిద్దరికే అని అప్పుడు తెలుసుకున్నాడు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు.

"నువ్వు కాసేపు నోరు మూసుకో. నీ సంగతి తర్వాత," అంది పిన్ని. ఆ మాటలో కోపం నిజంగానే ఉంది, ఇద్దరికీ కలిపి చాలేంత ఉంది.

పెద్దమ్మ మెట్లు దిగడం మొదలుపెట్టింది. మోకాళ్ళు సహకరించక మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతోంది. చెయ్యి అందిద్దామని మనవాడు కదిలితే వద్దని తల ఊపింది. చివరి మెట్టు దగ్గర ఆగి, చెల్లెలి వైపు చూసింది. ఆవిడ మొహంలో, అట్టలన్నీ నింపిన ఆ తిట్లలో ఒక్కటీ లేదు.

"ఏమే, నొప్పి బాగా పెట్టిందా?"

పిన్ని కుర్చీ వెనక్కి జరిపింది.

"చాలా పెట్టిందక్కా," అంది.