గడ వంగినంత సేపు

మంచు బరువుకి భూర్జ చెట్టు వంగి, తల నేలకి ఆనించుకొని ఉంది.

తెల్లటి మాను. తెల్లటి మంచు. ఎక్కడ చెట్టు ఆగిందో, ఎక్కడ మంచు మొదలైందో తెలియదు.

మా తమ్ముడు ఓస్మున్ దాని పక్కన నిలబడి, పొడవాటి గడతో కొమ్మని తట్టాడు. మెల్లగా. నిద్రపోయేవాణ్ణి లేపినట్టు.

మంచు జారింది —

చెట్టు ఒక్క ఊపున ఆకాశంలోకి లేచింది.

చిన్నప్పటి మాట అది. గడ పట్టుకొని ఎగిరే పిచ్చి ఆ పూటే వాడి ఒంట్లో దూరిందనుకుంటాను.

వేరే ఆటే లేనట్టు.

ఈ దేశంలో పిల్లలు కాళ్ళకి స్కీ పలకలు కట్టుకొనే పుడతారంటారు. మంచు మీద జారేవాడికి ఊరు ఊరంతా జెండా ఊపుతుంది. టీవీలో వాడే. పాల డబ్బా మీద వాడే. మావాడు మాత్రం ఆ మంచునే పారతో పక్కకి తోసి, కిందనున్న ఎర్ర ట్రాక్‌ని వెతుక్కున్నాడు.

డెకాథ్లాన్. పది ఆటలు. రెండు రోజులు. అన్నిటి పాయింట్లూ కలిపి ఒకటే లెక్క. పరుగెత్తు, దూకు, విసురు... మళ్ళీ పరుగెత్తు.

"మీ తమ్ముడేం చేస్తాడోయ్?" అనేవారు ఫ్యాక్టరీలో నా తోటివాళ్ళు.

"అన్నీ చేస్తాడు."

"అంటే ఏదీ సరిగ్గా చెయ్యడన్నమాట!"

నేనూ నవ్వేవాణ్ణి. నవ్వక ఏం చెయ్యను. బడి మధ్యలో వదిలేసి, కరిగిన అల్యూమినియం ముందు నిలబడ్డవాణ్ణి. నాకు వచ్చింది ఒక్కటే పని. దాన్నీ ఎవరూ చూడరు.

వాడికి ఆట నేర్పింది మా బ్యోర్గ్ అత్త. ఒకప్పుడు ఈటె విసిరేది. ఇప్పుడు మాటలు విసురుతుంది. గురి మాత్రం తప్పలేదు.

శీతాకాలం ఆదివారాల్లో ఆవిడ ఊరివాళ్ళని పోగేసేది. ఎవరి పార వాళ్ళు తెచ్చుకోవాలి. కూలి ఉండదు, కాఫీ ఉంటుంది. మా దగ్గర అది రివాజు. రానివాణ్ణి ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. అందరికీ గుర్తుంటుంది, అంతే.

మంచు తీసేవాళ్ళం.

తెల్లారేసరికి మళ్ళీ పడేది.

మళ్ళీ తీసేవాళ్ళం.

రెండు తెల్లటి గోడల మధ్య ఆ సన్నటి ఎర్ర దారిలో వాడు పరుగెత్తేవాడు. నోట్లోంచి పొగ. కనుబొమల మీద మంచు. చేతిలో గడ...

ఏళ్ళు కూడా అలాగే పడ్డాయి — చప్పుడు లేకుండా.

దేశంలో రెండోవాడయ్యాడు. మళ్ళీ రెండోవాడు. ఒక్క ఏడు మొదటివాడయ్యాడు. పత్రికలో బొమ్మ పడింది. అందులో వాడి వీపు కనబడింది.

ఐరోపా పోటీలకి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఒకసారి చీలమండ. ఒకసారి నడుము. మరోసారి గాలి — వెనక నుంచి మరీ ఎక్కువ తోసిందట, ఆ పాయింట్లు చెల్లవన్నారు. గాలి కూడా సాయం చేసి చెడగొట్టింది. ప్రతిసారీ గుమ్మం దాకా వెళ్ళడం, తిరిగి రావడం.

తర్వాత మోకాలు పట్టుకుంది.

ముప్పై దాటాయి. వేసవి. ఆ ఏటికి ఆఖరి పోటీ. ఐరోపాకి కావలసిన పాయింట్లు ఇక్కడ రాకపోతే ఇంక ఎక్కడా రావు. వాడికి తెలుసు. అత్తకి తెలుసు. కారు మీద తాళ్ళతో కట్టిన గడలకి కూడా తెలిసినట్టుంది — కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డ్, దాటించే పడవలో, గాలికి, దారంతా మూలుగుతూనే ఉన్నాయి.

మొదటి రోజు వాడు ఎన్నడూ ఆడనంత బాగా ఆడాడు. అత్త ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే బాగుందని.

రెండో రోజు వాన.

గడ ఆట వంతు వచ్చింది.

పది ఆటల వాళ్ళు ఒంటిని పొదుపుగా వాడుకోవాలి. ఏ ఎత్తు దగ్గర మొదలుపెడతాడో ఎవడికి వాడే చెప్పాలి. కింద నుంచి వస్తే భద్రం. కానీ దూకిన ప్రతిసారీ మోకాలు కొంచెం అరుగుతుంది. పైన మొదలుపెడితే మోకాలు మిగులుతుంది. అక్కడ మూడుసార్లు తప్పితే మాత్రం — సున్నా. అంతకంటే తక్కువ ఎత్తు నిద్రలో దూకగలవాడివైనా సరే, సున్నా.

"కింద నుంచి రారా," అంది అత్త. "ముందు గడప దాటు. మేడ తర్వాత ఎక్కుదువుగాని."

"ఆఖరి పరుగుకి మోకాలు మిగలాలి అత్తా."

"మోకాలు మిగిలి నువ్వు మిగలకపోతేనో?"

"ఆ ఎత్తు నాకు ఇంటి మెట్టు."

"ఇంటి మెట్టు మీదే కదరా మీ మామయ్య కాలు విరగ్గొట్టుకుంది!"

వాడు నవ్వాడు. పైనే మొదలుపెట్టాడు.

మొదటిసారి — తడి గడ చేతుల్లో జారింది.

రెండోసారి — లేచాడు, దాటాడు కూడా... ఛాతీ తగిలి అడ్డకర్ర ఊగింది. ఊగింది. ఊగి ఊగి పడింది.

అప్పుడు విల్యార్ వచ్చాడు. పక్క లోయ కుర్రాడు. వాడు కూడా అవే పాయింట్ల కోసం వచ్చినవాడే. తన తువ్వాలు తీసి మావాడి గడ తుడిచాడు.

"ఆఖరి అడుగు మరీ లోపలికి పడుతోంది అన్నా. ఒక పాదం వెనక నుంచి రా. నేను చూస్తుంటా."

నాకు ఒళ్ళు మండింది. "పోటీకొచ్చినవాడు ఎదటివాడి గడ తుడవడమేమిటత్తా?"

"నువ్వు నోరు ముయ్యి. ఈ పది ఆటల వాళ్ళంతే."

మూడోసారి — పరుగు. గడ ఆనింది. వంగింది. మంచు కింద భూర్జలా వంగింది... ఆ వంపులో వాడు తలకిందులుగా వేలాడుతున్నాడు. గడ వంగినంత సేపు మా ముగ్గురి బతుకూ ఆ వంపులోనే ఉంది.

గడ లేచింది.

వాడితో పాటే అడ్డకర్ర కిందికి వచ్చింది.

పరుపు మీద వెల్లకిలా పడి వానని చూస్తూ ఉండిపోయాడు. బోర్డు మీద సున్నా. పదేళ్ళ మంచు తీస్తే కింద దొరికింది అది.

"పదరా పోదాం," అన్నాను. "సాయంత్రం పడవ అందుకుందాం."

వాడు బూట్లు మార్చుకున్నాడు. ఈటె తీసుకున్నాడు. దేనికీ అక్కరకు రాని ఈటెని, ఒళ్ళంతా విల్లు చేసి, వానలోకి విసిరాడు.

ఆఖరిది పదిహేను వందల మీటర్ల పరుగు.

విల్యార్‌ది ఎద్దులాంటి ఒళ్ళు. ఇనుప గుండు విసరడానికి పుట్టిన ఒళ్ళు. ఆ పరుగు వాడికి గండం. ఎన్నడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తితేనే వాడికి ఐరోపా.

తుపాకీ పేలింది.

మావాడు ముందుకు వచ్చాడు. గెలవడానికి కాదు. సరిగ్గా విల్యార్ ముందు, గాలికి అడ్డంగా.

"నా చొక్కా చూడు!" వెనక్కి తిరక్కుండానే అరిచాడు. "చొక్కా వదలకు!"

"చచ్చిపోతున్నా అన్నా..."

"గీత దాటాక చావరా!"

దాచుకున్న మోకాలు. అత్త మాట కాదని, ఐరోపా కాదని దాచుకున్న మోకాలు... ఎవడో పక్క లోయవాడి కోసం కరిగిపోతోంది. నా చేతిలో వాఫుల్ అట్టు, దాని మీద గోధుమరంగు జున్ను, వానకి నాని ముద్దైపోయాయి. పారేయడం కూడా మరిచిపోయాను.

విల్యార్ గీత మీదే కూలబడ్డాడు. బోర్డు చాలాసేపు చీకటిగా ఉంది. వెలిగింది.

సరిపోయాయి. పిసరంత తేడాతో.

అప్పుడు వాళ్ళ రివాజు ప్రకారం అందరూ చేతులు పట్టుకొని ట్రాక్ చుట్టూ నడిచారు. మొదటివాడు, ఆఖరివాడు, సున్నావాడు — ఒకే వరస. చూసేవాళ్ళం పట్టుమని పదిమందిమి. మా చప్పట్ల కంటే వానే గట్టిగా కొట్టింది.

పడవలో అడిగాను. "ఎందుకురా అదంతా? ఎవడు చూశాడని?"

"చలేసింది అన్నయ్యా. ఊరికే నిలబడితే కండలు పట్టేస్తాయి."

అంతే. అత్త మొహం తిప్పుకొని నీళ్ళని చూసింది.

ఐరోపా పోటీల్లో విల్యార్ టీవీలో ఒకసారి కనబడ్డాడు. తువ్వాలుతో ఎవరిదో గడ తుడుస్తున్నాడు.

శరత్తులో మావాడి మోకాలు కోసి కుట్టారు. ఇక దూకవద్దన్నాడు ఒక డాక్టరు. వసంతం దాకా చూద్దామన్నాడు ఇంకొకడు. వాడు ఇద్దరికీ ఒకేలా తలూపాడు.

మంచు పడింది. ఆదివారం వచ్చింది. ఊరు పారలతో వచ్చింది. ట్రాక్ మీద మంచు తీశాం. ఇప్పుడు ఎవరి కోసమని ఎవరూ అడగలేదు.

తిరిగి వచ్చేసరికి ఇంటి పక్కన భూర్జ చెట్టు వంగి, తల నేలకి ఆనించుకొని ఉంది.

ఓస్మున్ కుంటుకుంటూ వెళ్ళి షెడ్డులోంచి గడ తెచ్చాడు.

"కొట్టకురోయ్," గుమ్మంలోంచి అరిచింది అత్త. "గడ్డకట్టిన కొమ్మ, విరుగుతుంది. కొన్ని వాటంతటవే లేస్తాయి."

"లేవనివో?"

"అలాగే బతుకుతాయి. మీ అన్నలాగ."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. తర్వాత నవ్వాను.

గడ ఎత్తాడు. తట్టాడు. మెల్లగా... నిద్రపోయేవాణ్ణి లేపినట్టు.

మంచు కొంచెం రాలింది.

ఏదో కదిలింది — తెల్లటి మాను, తెల్లటి మంచు — ఎక్కడ చెట్టు ఆగిందో, ఎక్కడ మంచు మొదలైందో...

వాడు గడ దించలేదు.