సబ్బు చేతుల పరీక్ష

స్నానాలగది తలుపుకి లోపలివైపు గడియ ఉంది. కానీ టైలరమ్మ దాన్ని వేసుకుని చాలా కాలమైంది.

వయసంతా కత్తెర పట్టిన వేళ్ళు ఇప్పుడు కొంకర్లు పోయాయి. గుండ్రటి కుళాయి పిడి పట్టుకుంటే చెయ్యి జారడమే తప్ప పిడి తిరగదు. అందుకని స్నానానికి వెళ్ళినప్పుడల్లా కూతురు వెనకే వచ్చి, నీళ్ళు వదిలి, తలుపు దగ్గరికి వేసి, భుజాన తువ్వాలుతో బయట కాపలా ఉండేది. మధ్యమధ్యలో "కట్టెయ్యనా అమ్మా?" అంటూ తల లోపలికి పెట్టేది. ఎంతమంది ఆడవాళ్ళకో గుట్టుగా కొలతలు తీసిన మనిషికి, తన ఒంటి మీద గుడ్డ లేనప్పుడు ఇంకొకరు తొంగిచూడటం, అది కడుపున పుట్టిన పిల్లే అయినా, సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

"గడియ వేసుకుంటానే," అని అడిగింది ఓసారి.

"వేసుకో, ఎవరొద్దన్నారు? కుళాయి నువ్వే తిప్పి నువ్వే కట్టుకోగలిగిన రోజున వేసుకో. లోపల నీళ్ళు వరదై పారుతుంటే నేను తలుపు బద్దలుకొట్టుకుని రావాలా?"

మాట న్యాయంగానే ఉంది. అందుకే మరీ ఒళ్ళు మండింది టైలరమ్మకి.

అలాంటి రోజుల్లో ఆ కుళాయి తనంతట తనే కారడం మొదలుపెట్టింది. ఎంత బిగించినా చుక్క చుక్కే. అల్లుడికి చేతిపని సరదా. కొత్తది కొనుక్కొచ్చి తనే బిగిస్తానన్నాడు. స్నానాలగది అద్దం అంచుకి జోడీగా బంగారు రంగుది, గుండ్రటి పిడిది, అప్పటికే మనసులో పెట్టుకున్నాడు.

"నేనూ వస్తాను," అంది టైలరమ్మ.

"కుళాయిల కొట్లో నీకేం పనమ్మా?" అని నవ్వింది కూతురు.

టైలరమ్మ ఒక సబ్బుముక్కని గుడ్డలో చుట్టి, కొలతల టేపుతో పాటు సంచిలో పడేసుకుంది.

కొట్లోకి వెళ్ళి చూస్తే, నీళ్ళు లేని కుళాయిలు అన్నేసి ఒక్కచోట ఆమె ఎన్నడూ చూడలేదు. గోడ నిండా వరసలు వరసలుగా మెడలు వంచుకుని నిలబడ్డాయి. కొన్నిటివి కొంగ మెడలు, కొన్నిటివి పొట్టి ముక్కులు. ఒకదాన్ని తిప్పి చూసింది.

"ఏమీ రాదేం బాబూ?"

"గాలి వస్తుందమ్మా. దానికి డబ్బులు తీసుకోం," అన్నాడు కొట్టతను.

"అయితే కాసిని నీళ్ళు నువ్వే ఇవ్వు."

దాహమేమో అనుకుని అతను సీసా అందించాడు. టైలరమ్మ ఆ నీళ్ళు చేతుల మీద పోసుకుని, సబ్బు తీసి, మోచేతుల దాకా నురగ వచ్చేలా రుద్దుకుంది. కొట్టతను నోరు తెరిచాడు. అల్లుడు తానెవరో ఎరగనట్టు వెళ్ళి అవతల అద్దాలు చూడటం మొదలుపెట్టాడు.

"స్నానంలో పొడి చేతులతో ఎవరు తిప్పుతారు నాయనా?" అని, కొట్టతని ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఇంట్లో ఆమె స్నానం పీట మీదే కదా! మొహానికి సబ్బు ఉన్నట్టు కళ్ళు మూసుకుంది. "ఊఁ, ఒక్కొక్కటే కింది వరసలో పెట్టు."

బంగారు రంగు గుండు పిడి చేతిలోంచి చేపపిల్లలా జారింది. నక్షత్రం పిడి కాస్త కదిలి మొండికేసింది. తరవాతది సన్నగా, పొడుగ్గా, పైన అడ్డంగా పరుచుకున్న పిడి. చేతి అంచుతో తోస్తే కదిలింది. మోచేత్తో తోసినా కదిలింది. కళ్ళు తెరిచి, టేపు తీసి ఆ పిడి పొడుగు, తన అరచెయ్యి వెడల్పు కొలుచుకుని తల ఊపింది.

"అవి ఎక్కువగా ఆసుపత్రుల్లో పెడతారమ్మా," అన్నాడు కొట్టతను నసుగుతూ.

"ఇంట్లో పెడితే జబ్బు చేస్తుందా? సరేగాని, ఇంత సుతారంగా కదిలేది నీళ్ళని ఎలా ఆపుతుందోయ్?"

అతనికీ హుషారొచ్చింది. విడిభాగం తెచ్చి చూపించాడు. లోపల రెండు నున్నటి పింగాణీ బిళ్ళలు, రెండిటికీ కన్నాలు. ఒక కన్నం మీదికి ఇంకో కన్నం వస్తే నీళ్ళు వస్తాయి, తప్పుకుంటే ఆగిపోతాయి. టైలరమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పుతూ ఎంతసేపు చూసిందో!

"అల్లుడుగారూ, ఇలా రండి! దీని కడుపులో బొత్తాం కాజాలున్నాయి!"

బంగారు రంగుది కొట్లోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక అల్లుడు పైన నీళ్ళు కట్టేసి, పాత కుళాయి ఊడదీసి, కొత్తదాని మర చుట్లకి నీళ్ళు కారకుండా తెల్ల టేపు చుట్టి, పానాతో నిటారుగా బిగించాడు. నీళ్ళు వదిలారు. ఎక్కడా చెమ్మ లేదు. టైలరమ్మ పీట మీద కూర్చుని మోచేత్తో పిడిని కుడివైపుకి తోసింది.

టక్.

పిడి పక్కగోడకి తగిలి ఆగిపోయింది. సూదిలో ఎక్కించే దారమంత సన్నగా నీళ్ళు వచ్చాయి. ఆ కుళాయి మూలకి ఉంది. కొట్లో దాని పక్కన గోడ లేదు. సబ్బు తీసుకెళ్ళారు, పీట వేసుకున్నారు, పిడి కొలిచారు, గోడని మాత్రం ఎవరూ కొలవలేదు.

"ఇంతోటి కొలతల మనిషివీ!" అంది కూతురు నవ్వాపుకుంటూ. తల్లి మొహం చూసి నవ్వు మింగేసింది.

"రేపు మార్చేద్దాం అత్తయ్యా. గుండుదయితే గోడకి తగలదు," అన్నాడు అల్లుడు.

గుండుదంటే మళ్ళీ కూతురి కాపలా. టైలరమ్మ లేవలేదు. మూసి ఉన్నప్పుడు పిడి తన వైపు చూస్తోంది. తెరిస్తే గోడ వైపు పోతోంది. ఎడమపక్కన బోలెడంత చోటు ఊరికే పడి ఉంది.

"ఈ పిడి కుళాయితో కలిపి పోత పోశారా, అతికించారా?"

"ఏమో మరి," అన్నాడు అల్లుడు.

"చొక్కాకి ఎడమ చెయ్యి కుడివైపు కుడితే చొక్కా పారేస్తామా? విప్పి, తిప్పి కుట్టుకుంటాం. విప్పి చూడండి."

అల్లుడు వంగి వెతికాడు. పిడి నెత్తిన ఉన్న చిన్న బిళ్ళని గోటితో లేపితే కింద మరమేకు కనిపించింది. అది విప్పగానే పిడి టోపీలా ఊడి వచ్చింది. లోపలి కడ్డీ చుట్టూ సన్నటి పళ్ళు.

"పళ్ళున్నాయత్తయ్యా! ఎటు కావాలంటే అటు తొడగొచ్చు!" అతని గొంతు పసిపిల్లాడి గొంతైపోయింది.

మూసినప్పుడు ఎడమకి, తెరిస్తే ఆమె వైపుకి వచ్చేలా పిడి తొడిగి బిగించాడు. టైలరమ్మ చేతి అంచుతో లాగింది. నీళ్ళు ధారకట్టి బకెట్లో దబదబా పడ్డాయి. తోసింది. ఆగాయి. మళ్ళీ లాగింది, మళ్ళీ తోసింది.

"ఇంక చాలమ్మా, అరిగిపోతుంది!"

"మీరిద్దరూ బయటికి నడవండి. స్నానం చెయ్యాలి."

తలుపు మూసుకుంది. అరచేతి అంచుతో గడియ తోయడం ఆమె ఎవరూ చూడకుండా ఎప్పుడో నేర్చుకుని ఉంచుకుంది. ఖణేల్‌మని పడింది గడియ.

లోపల నీళ్ళు వస్తున్నాయి, ఆగుతున్నాయి, వస్తున్నాయి. కూతురు అలవాటు కొద్దీ తలుపు దగ్గరే నిలబడింది.

"కట్టెయ్యనా అమ్మా?"

"ఏం కడతావే, గడియ ఉందిగా!"

చాలాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగింది. తరవాత లోపల చప్పుడే లేదు. కూతురు తలుపు తట్టబోతుండగా టైలరమ్మ గొంతు వినిపించింది, కాస్త మెత్తగా.

"ఏమేవ్, తువ్వాలు నీ భుజం మీదే ఉందా?"

గడియ తీసిన చప్పుడైంది. సందులోంచి తడి చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది. కూతురు మొహం అటు తిప్పుకుని తువ్వాలు అందించింది. చెయ్యి లోపలికి పోయింది. గడియ మళ్ళీ పడింది.