కొబ్బరినీళ్లు తాగిన ఇంజను

మా ఇంట్లో ఆ పాత ట్రాక్టర్‌కు జరిగిన పూజలు గుళ్లో దేవుడికి కూడా జరగవు. మా మామ కట్టయ్య పోయాక దాన్ని స్టార్ట్ చేసినవాళ్లు లేరు, ఆయిల్ మార్చినవాళ్లు లేరు. దసరా వచ్చిందంటే మాత్రం పసుపు, కుంకుమ, బంతిపూల దండ, కొబ్బరికాయ! మనుషులకు మాత్రం ఏం చేస్తున్నాం? ఉన్నప్పుడు మందుబిళ్ల ఇవ్వం, పోయాక ఫొటోకు దండ వేస్తాం. ట్రాక్టర్‌కూ అదే మర్యాద చేశాం.

ఈసారి మేడారం జాతరకు దాని మీదే పోతానని మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ పట్టుబట్టింది. ఆ బండి మీద వచ్చి తల్లులకు నిలువెత్తు బెల్లం ఇస్తామని మామ ఉండగా ఇద్దరూ మొక్కుకున్నారట. బస్సు వద్దు, కారు వద్దు.

"బండి కదిల్తే పోత. లేకుంటే మొక్కు నాతోనే మట్లె కలుస్తది," అంది.

ఆమె మోకాళ్లు చూస్తే ఇంకో జాతర దాకా ఆగేటట్టు లేవు. నాకు నిజంగానే భయమేసింది.

మా ఆయన సుదర్శన్ ఫోన్‌లో వీడియోలు చూసి మెకానిక్ అయిపోయాడు. ఇంజను తిరిగింది గానీ పొగగొట్టంలోంచి నీళ్లు కక్కింది. లోపల నీళ్లను ఆపే గ్యాస్కెట్ పోయిందన్నాడు. అది మార్చాలంటే ఇంజను పైనున్న బరువైన మూత, అదే హెడ్డు, తీయాలి. నట్లన్నీ విప్పాడు. హెడ్డు మాత్రం అలిగిన అల్లుడిలా కదలనంది. పాత మోడల్ కదా, పగిలిందంటే మళ్లీ దొరకదు.

పక్కింటి కిషన్ రావు కాక సలహా మోసుకుని వచ్చాడు. "సమ్మెట తీస్కొని ఒక్కటియ్యిరా, అదే ఊడొస్తది!"

"నీ పండ్లు గూడ గట్లనే ఊడగొట్టిచ్చుకున్నవా కాకా?" అన్నాను. ఆయన బోసినోరంతా తెరిచి నవ్వాడు.

హెడ్డును పట్టుకున్న బోల్టుల చుట్టూ డీజిల్ పోసి నానబెట్టాం. మరునాడు చూస్తే ముందువైపు రెండింటికే తుప్పు గడ్డకట్టి ఉంది.

"కొట్టం కారుతలేదు గదనే రమా, ఈడికి నీళ్లేడికెల్లొచ్చినయ్?" అన్నాడు సుదర్శన్.

నేను స్క్రూడ్రైవర్‌తో గీకాను. తుప్పులోంచి చిన్న కొబ్బరిచిప్ప ముక్క ఊడి చేతిలో పడింది. బానెట్ మీద కొడితే సొట్ట పడుతుందని, ఏటా బానెట్ ఎత్తి మరీ ఇంజను మీద కాయ కొట్టేది అత్తమ్మే. ఆ కొబ్బరినీళ్లే ఇన్నేళ్లుగా లోపలికి దిగాయి. ముందు నవ్వొచ్చింది, తర్వాత గుండె చివుక్కుమంది. మొగుని బండిని ఆమె భక్తే తినేసింది. ఇంకో రోజైతే ఈ ఒక్క ముక్కతో అత్తమ్మను వారం రోజులు దెప్పేదాన్ని. అంతలో ఆమె చాయ్ పట్టుకొచ్చింది. ముక్కను కొంగులో ముడేశాను.

"ఏమాయెనే? ఎందుకు తుప్పు వట్టింది?"

"ఎలుకలు అత్తమ్మా. ఉచ్చలు పోసినయ్."

ఆమె నా కొంగు వైపు ఓసారి చూసి, గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది.

సుదర్శన్ హెడ్డులో డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి, ఆ రంధ్రంలోంచి ఎద్దుల పాత నూలు పగ్గాన్ని లోపలికి కుక్కాడు. ఇంజను తిప్పితే పిస్టన్ పైకొచ్చి పగ్గాన్ని నెడుతుంది, పగ్గం హెడ్డును నెడుతుంది. ఇద్దరం పళ్లు బిగించి మెల్లగా తిప్పాం. కిర్రుమంది. వెంట్రుకంత సందు కనబడింది, ఆ తర్వాత హెడ్డు మొత్తం లేచింది. ఎద్దులను అమ్మి కొన్న ట్రాక్టర్‌ను చివరికి ఎద్దుల పగ్గమే లేపింది. నేను సంతోషం పట్టలేక కేకపెట్టాను.

కొత్త గ్యాస్కెట్ వేసి హెడ్డు బిగించాక, జాతరకు బయల్దేరే పొద్దున బండి దడదడమంటూ స్టార్ట్ అయింది. ట్రాలీలో బెల్లం ఎక్కించాం. అత్తమ్మ కొబ్బరికాయతో వస్తుంటే నా పైప్రాణాలు పైకే పోయాయి. ఆమె ఇంజను దాటి ముందు టైరు దగ్గర వంగి, రాయి మీద కాయ కొట్టింది. లేచి కళ్లు తుడుచుకుంది.

"ఇగ ఇంజన్ మీద కొట్టనే," అంది. "నీ కొంగుల ఎలుకకు చెప్పు, జర ఫికర్ చెయ్యొద్దని."