సీసా మీద పువ్వు

మా వార్డులో నన్ను కారం సిస్టర్ అంటారు. నా ఎదుట అనరు, ఆ మాత్రం భయం ఉంది. ముక్కులో మొదలైన బూజు కంటికీ ఎముకకూ పాకినవాళ్లు మా దగ్గరికి వస్తారు. దానికి ఒకటే ఇంజెక్షన్, రోజూ, వారాల తరబడి. ఆ ఇంజెక్షన్ నెల రోజులుగా బజారులో దొరకడం లేదు. స్టోరులో లేదు, కంపెనీ దగ్గర లేదు, మందుల షాపుల్లో అసలే లేదు. గేటు బయట ఐసుపెట్టె పట్టుకుని నిలబడే మనిషి దగ్గర మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడిదని ఎవరూ అడగరు. అడిగితే ఇవ్వడేమోనని భయం.

పదకొండో మంచం మీద ఉన్నది నా తమ్ముడు. లిఫ్టులు బాగుచేస్తాడు. జ్వరం తగ్గి వారం తిరక్కుండానే ఎడమ చెంప మొద్దుబారింది, కన్ను వాచింది. "మందు ఆగకుండా పడితే కన్ను నిలుస్తుంది. ఆగితే తీసేయాలి. కన్ను దాటి పైకి పోయిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు డాక్టరు. మరదలు గేటు దగ్గరికి పరుగెత్తి, ఆరు సీసాలు రుమాల్లో చుట్టి తెచ్చింది. ఎంతకు కొన్నదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

మేమిచ్చే ఆ మందు పడితే మనిషి వణికిపోతాడు. గంట తిరక్కుండా పళ్లు టకటకా కొట్టుకుంటాయి, మంచం కదులుతుంది. అందుకే ముందే ఒక దుప్పటి మడిచి కాళ్ల దగ్గర పెడతాం. నాలుగు రోజులుగా తమ్ముడి దుప్పటి మడత విప్పలేదు. "మావాడిది గట్టి ఒళ్లు" అని మురిసిపోయాను. మూడో మంచం పెద్దాయనకూ వణుకు రాలేదు. ఆయనదీ ఐసుపెట్టె మందే. పదహారేళ్ల సర్వీసు నాది, అయినా నాకు తట్టలేదు. తట్టకూడదని మనసు తలుపేసుకుని కూర్చుంది కాబోలు.

ఐదో రోజు పొద్దున తమ్ముడి నోరు తెరిపించి టార్చి వేశాను. అంగిలి మీద మిరియపు గింజంత నల్లమచ్చ ఉంది. నిన్న లేదు.

"ఏముందక్కా లోపల?"

"నీ నోట్లో ఇంకేముంటుంది, వాగుడు" అన్నాను. వాడు నవ్వాడు. మొహంలో సగమే నవ్వింది.

మందు పడుతూ ఉంటే మచ్చ రాకూడదు. ఆ మాట తలలో తిరుగుతుండగానే ఐదో సీసా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. స్పిరిట్ దూదితో తుడుస్తుంటే వేలికి లేబుల్ మీద గరుగ్గా తగిలింది. వెలుతురుకు వంచి చూశాను. సిరా లేదు, కడిగేశారు. బాల్‌పెన్ను నొక్కిన గాడి మాత్రం మిగిలింది. ఐదు రేకుల పువ్వు.

ఆ పువ్వు నాది. కోర్సు పూర్తయినవాళ్ల ఆఖరి సీసా మీద గీసి చూపిస్తాను, "ఇక నా మొహం చూడక్కర్లేదు, పోండి" అంటాను. నాలోని కారం ఆ ఒక్క పూటా దిగుతుంది. పోయిన నెల తొమ్మిదో మంచం టైలరమ్మకు గీశాను. ఆవిడ నవ్వుకుంటూ ఇంటికెళ్లింది. సీసా ఎటు వెళ్లిందో ఇప్పుడు తెలిసింది.

ఖాళీ సీసాలను నర్సు కళ్లెదుట మెషిన్లో వేసి పగలగొట్టాలి. మెషిన్ చెడిపోయి మూడు నెలలు. "సంచిలో వేసేయండి సిస్టర్, బయట మేం పగలగొట్టిస్తాం" అనేవాడు చెత్త తీసుకెళ్లే మేస్త్రీ. 'నా ఎదుటే ధ్వంసం చేశారు' అని అచ్చేసిన రిజిస్టరు కింద నేను రోజూ సంతకం పెట్టాను. ఆయమ్మ మంచం కింద తుడవకపోతే గయ్యిమనేదాన్ని. ఆ సంతకం మాత్రం కళ్లు మూసుకుని పెట్టాను.

నాలుగు రోజులు. నా చేత్తో, నా తమ్ముడి నరంలోకి, ఏ పొడి ఎక్కించానో కూడా తెలియదు. సీసా జారవిడిచి, చెయ్యి జారి పగిలిందని చెబితే సరిపోతుందన్న ఆలోచన వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. వేళ్లు వదులయ్యాయి కూడా. అప్పుడే మూడో మంచం పెద్దాయన కోడలు తన సీసా పట్టుకుని వచ్చింది.

"సిస్టర్, ఎలాగూ కలుపుతున్నారు కదా, మా మామయ్యది కూడా కలిపేస్తారా?"

ఆ సీసా కూడా తీసుకుని తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్లాను.

"దొంగ మందని ఎలా చెప్తున్నావు?" అన్నాడాయన.

"ఈ పువ్వు గీసింది నేనే సార్. ఖాళీ సీసా పగలగొట్టించానని సంతకం పెట్టింది కూడా నేనే."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు చేశాడు. చివరికి ఊరవతలి ఆసుపత్రివాళ్లు రెండు సీసాలు పంపుతామన్నారు. ఇద్దరికీ చెరొకటి. "సాయంత్రం స్కాన్ చూస్తాను. కన్ను ఉంచాలో తీయాలో అప్పుడు చెప్తాను" అని, ఒక్క క్షణం ఆగి, "కన్నుతో పోతే అదృష్టమే" అన్నాడు.

మధ్యాహ్నానికి సీసాలు వచ్చాయి. లేబుళ్లు గోటితో గీకి చూశాను, మూతలు తిప్పి చూశాను. మందు కలిపి, ఇద్దరికీ డ్రిప్పు పెట్టి, తమ్ముడి పక్కన కూర్చున్నాను. అరగంట గడిచింది. ఏమీ లేదు. వాడు పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

"వదినా, ఎందుకలా కళ్లార్పకుండా చూస్తున్నారు?" అంది మరదలు. ఆమెకింకా చెప్పలేదు.

ముప్పావుగంటయింది. ఇదీ దొంగదేనా అని ఖాళీ సీసా తీసి మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాను. అంతలో మూడో మంచం ఇనుపకాళ్లు నేల మీద గీరుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే తమ్ముడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"చలేస్తోందక్కా."

దుప్పటి మడత విప్పాను. వాడి పళ్లు టకటకలాడాయి, మోకాళ్లు ఎగిరిపడ్డాయి. మరదలు బెదిరిపోయి డాక్టర్ని పిలవమంది. నేను దుప్పటి మీద చేతులు నొక్కి, "వణకరా, బాగా వణుకు" అంటూ ఏడ్చాను. పిచ్చిదానిలా కనిపించి ఉంటాను.

చిన్న చప్పుడు తేడా వచ్చినా లిఫ్టు ఆపి చూసే మనిషి వాడు. ఊరుకుంటాడా.

"ఇన్ని రోజులూ లేని వణుకు... ఇవాళెందుకొచ్చిందక్కా?"

ఒళ్లు అలవాటు పడుతోందిరా అనొచ్చు. అలవాటైన చేతికి సంతకమెంత తేలికో, నాకు ఆ మాట అంత తేలిక.

"ఇన్నాళ్లూ నీకు ఎక్కించింది మందు కాదురా. ఆ సీసాలు ఈ వార్డులో వాడి పారేసినవి. పగలగొట్టించకుండా వదిలేసింది నేనే."

మరదలు లేచి నిలబడింది. వాడి పళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. ఎడమ కన్ను కట్టు కింద ఉంది. కుడి కంటితో నన్నే చూస్తున్నాడు. నేను దుప్పటి వదల్లేదు. స్కానుకు ఇంకా రెండు గంటలుంది.