ఎనిమిదేళ్ల కొలత

గుడ్డ పొరలు పేర్చి, పైన అట్ట పెట్టి, ఆమె సుద్దతో చుట్టూ గీత గీస్తోంది. బడి యూనిఫాంలు కుట్టే షెడ్డులో గుడ్డ కత్తిరించే పని ఆమెది. ఎనిమిదేళ్ల ఆడపిల్లల గౌను కోసం గోడ మేకుకి రెండు అట్టలు వేలాడుతుంటాయి. ఒకటి రేవు పట్టణాల బడులకి, ఒకటి కొండల మీది పై ఊళ్లకి. రెండింటి మీదా ఎనిమిది అనే రాసి ఉంటుంది. పై ఊళ్ల అట్ట ఒక సైజు తక్కువ.

మొదట్లో అట్ట ఒకటే ఉండేది. ఒక ఏడాది పై ఊళ్లకి పంపిన గౌన్లన్నీ వదులయ్యాయని తిరిగొచ్చాయి. షెడ్డులో పని చూసే మాస్టారు కొత్త అట్ట చేయించాడు. గుడ్డ కలిసొస్తోందని యజమాని సంతోషించాడు.

"పై ఊళ్లలో పిల్లలు పెరగడం కూడా వాయిదాల మీదేనా?" అంది పక్కన కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న అక్క.

"పూటపూటా పొయ్యి వెలిగితే వాళ్లూ పెరుగుతారక్కా," అందామె. ఆమెది పై ఊరే.

అక్క దారం తెంపింది. "నీ కూతురు అక్కడే కదూ?"

"ఇక్కడే ఉంది. నిన్న మా అమ్మ తీసుకొచ్చింది."

ఇక్కడే ఉంది అనడం ఆమెకి బాగుంది. మళ్లీ అంది. "బడిలో అడిగి ఉంచాను. ఉంటానంటే చేర్పించడమే."

"అంటుందా?"

"అనాలి."

పాప పాలు మానగానే తన తల్లి దగ్గర వదిలి ఆమె కొండ దిగి పనికి వచ్చింది. ఏడాదికోసారి వెళ్లి చూసేది. పాప బెరుకు తీరేసరికి తిరుగు బస్సు వచ్చేది.

మధ్యాహ్నం మాస్టారుని అడిగి ముందే ఇంటికి వెళ్లింది. ఎనిమిదేళ్ల కూతురికి తనే ఒక గౌను కుట్టి ఉంచింది. కత్తిరించిన రోజు ఏ అట్ట తీయాలో చేతికి తెలుసు. అయినా రేవు అట్టే తీసింది.

గౌను పాప భుజాల మీద నిలవలేదు. అంచు పిక్కలకి తగిలింది. నీళ్లలో దిగినట్టు పాప రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఇది ఎవరిదండీ?"

"అండీ ఏంటే, అమ్మని పట్టుకుని," అంది అమ్మమ్మ.

"నీదే," అందామె.

"కుట్లేసి బిగించరాదూ?" అంది అమ్మమ్మ.

"వద్దమ్మా. నా దగ్గరుంటే తనే ఎదుగుతుంది." మోకాళ్ల మీద కూర్చుని పాప మొహంలోకి చూసింది. "ఉంటావా?"

పాప అమ్మమ్మ వైపు చూసింది. "అమ్మమ్మకి సూదిలో దారం ఎవరు ఎక్కిస్తారు?"

"నా సూది గొడవ నీకెందుకే? అమ్మ అడిగినదానికి చెప్పు."

పాప గౌను విప్పి, తన పాతది తొడుక్కుని, గడప దగ్గరికి వెళ్లి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

అమ్మమ్మ కొత్త గౌను మడిచి సంచిలో పెట్టుకుంది. కూతురి భుజం మీద చెయ్యి వేసి, తీసి, పాప వెనక నడిచింది.

బస్సులో పాపకి కిటికీ పక్క సీటు దొరికింది. తల పైభాగం ఒక్కటే కనిపించింది. బస్సు కదులుతుంటే ఊచల మధ్య నుంచి చిన్న గొంతు వినిపించింది. "వెళ్లొస్తానండీ."

"వెళ్లిరా తల్లీ," అందామె. బస్సు చప్పుడులో అది పాపకి వినిపించిందో లేదో తెలియలేదు.

గదికి వచ్చి దీపం వేసింది. ఒక్కదానికే కాసిన్ని బియ్యం కడిగి, గిన్నె కోసం చూసింది. పొయ్యి దగ్గర లేదు. వెనక కిటికీ ఎత్తులో ఉంటుంది. అందులోంచి చూస్తే షెడ్డు గేటు, పని వదిలాక ఆమె నడిచొచ్చే సందు కనిపిస్తాయి. ఆ కిటికీ కిందికి ఎవరో ట్రంకు పెట్టెని లాగారు. పెట్టె మీద గిన్నె బోర్లించి ఉంది. అడుగున పట్టిన మసిలో రెండు చిన్న పాదాల అచ్చులు, వేళ్లు కిటికీ వైపుకి.